సువార్త సేవకు పిల్లల్ని పంపే ఇళ్ళు ముందుగా నేర్పాల్సినవి

సంపాదకులకు నమస్కారం.

పై చదువులకో ఉద్యోగానికో విదేశాలకు వెళ్ళే పిల్లల కష్టసుఖాలు పత్రికల్లో తరచూ చదువుతుంటాం. మత సేవ కోసం పద్దెనిమిది, పందొమ్మిదేళ్ళకే ఇల్లు విడిచి, ముక్కూమొహం తెలియని ఊళ్ళో ఏడాదిన్నర, రెండేళ్ళు గడిపే పిల్లల సంగతి మాత్రం అరుదుగా వస్తుంది. జనం నోట వినిపించేవి రెండే మాటలు. జీతానికి మతం మార్చేవాళ్ళని కొందరంటారు, సంఘం ఖర్చుతో దేశాలు చూసొచ్చేవాళ్ళని మరికొందరంటారు. మోర్మన్లని లోకం పిలిచే యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘం పంపే సువార్తికుల విషయంలో ఈ రెండూ తప్పే. 2012 మే నెలలో హైదరాబాదులో మన దేశపు మొదటి స్టేక్, అంటే కొన్ని స్థానిక సంఘాలు కలిసిన విభాగం, ఏర్పడింది. తెలుగు ఇళ్ళ పిల్లలూ ఈ సేవకు వెళ్తున్నారు. అందువల్ల అపోహల సంగతి క్లుప్తంగా చెప్పి, తల్లిదండ్రులకు పనికొచ్చే విషయాల మీదే ఎక్కువ రాస్తున్నాం. పంపే ముందు ఇళ్ళలో శ్రమంతా వాక్యాలు కంఠస్థం చేయించడం మీద, సూట్లు కుట్టించడం మీద పోతోంది. అక్కడికి వెళ్ళాక పిల్లలు తడబడేది పొద్దున్నే లేవడం దగ్గర, వంట దగ్గర, పక్కనున్న మనిషితో సర్దుకుపోవడం దగ్గర.

ముందు డబ్బు సంగతి. సువార్తికులకు జీతం లేదు. వాళ్ళు దాచుకున్నదో, కుటుంబం ఇచ్చేదో కట్టి వెళ్ళాలి. అమెరికా వంటి దేశాల్లో ఒక్కొక్కరి తరఫున నెలకు 400 డాలర్లు కట్టేవారు. 2020 జూలై నుంచి అది 500 అయింది. జపాను వెళ్ళినా ఘనా వెళ్ళినా కట్టేది అంతే. ఒకప్పుడు ఎక్కడికి పిలుపు వస్తే అక్కడి ఖర్చు ఆ ఇంటివాళ్ళే భరించాల్సి వచ్చేది, ఖరీదైన నగరం పడితే చితికిపోయేవారు. అందుకే అందరి సొమ్మూ ఒకచోట చేర్చి పంచే పద్ధతి వచ్చింది. అంత కట్టలేని దేశాలవారు శక్తికొద్దీ ఇస్తారు. తక్కింది సభ్యుల విరాళాలతో నడిచే నిధి భరిస్తుంది. ఇంటి అద్దె మిషన్ కార్యాలయం చూసుకుంటుంది (సువార్తికులు పనిచేసే ఒక్కో పెద్ద ప్రాంతాన్ని మిషన్ అంటారు, దానికొక అధ్యక్షుడుంటారు). తిండికి, బస్సుకి, సబ్బులకి నెలనెలా కార్డులో కొంత వేస్తారు. కొత్తవాళ్ళు మొదటి పది రోజుల్లోనే బయటి తిండికి దాన్ని ఖర్చు పెట్టేసి నెలాఖరుకి రొట్టెముక్కలతో గడపడం మామూలే. డబ్బు పడిన రోజునే వారాలవారీగా విడదీసుకోవడం, బియ్యం, పప్పు, గుడ్లు ముందే కొనిపెట్టుకోవడం ఇంట్లో ఉన్నప్పుడే అలవాటు చేయాలి.

ఎక్కడికి వెళ్ళాలో ఎంచుకునే వీలు లేదు. స్థానిక సంఘానికి పెద్ద అయిన బిషప్, ఆ తర్వాత స్టేక్ అధ్యక్షుడు మాట్లాడి ఒప్పుకున్నాక, డాక్టరు, పళ్ళ డాక్టరు ఇచ్చిన కాగితాలతో దరఖాస్తు వెళ్తుంది. సంఘాన్ని నడిపే పెద్దలైన పన్నెండుమంది అపొస్తలుల్లో ఒకరు చోటు నిర్ణయిస్తారు, సంఘ అధ్యక్షుడి సంతకంతో పిలుపు వస్తుంది. పళ్ళ పరీక్ష నామమాత్రం అనుకోవద్దు. సగం పుచ్చిన దంతమో, అడ్డంగా మొలుస్తున్న జ్ఞానదంతమో పరాయి దేశంలో నొప్పి పెడితే వారాల పని పోతుంది. బయల్దేరే ముందే తీయించడమో నింపించడమో చేయాలి. అబ్బాయిలకు 24 నెలలు, అమ్మాయిలకు 18 నెలలు సేవ. 2012 అక్టోబరులో అబ్బాయిల కనీస వయసు 19 నుంచి 18కి, అమ్మాయిలది 21 నుంచి 19కి తగ్గించాక (2025లో అమ్మాయిలదీ 18 అయింది) చదువు మధ్యలో ఆపకుండా నేరుగా వెళ్ళేవారు పెరిగారు. దానివల్ల మేలు జరిగింది గానీ, వంటింటి మొహం చూడని పిల్లలు వెళ్ళడమూ పెరిగింది.

శిక్షణలో తొలి భాగం ఇప్పుడు ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో జరుగుతుంది. తర్వాత అమెరికాలో యూటా రాష్ట్రంలోని ప్రోవోలోనో, వేరే దేశాల్లోని కేంద్రాల్లోనో సాగుతుంది. కొత్త భాష నేర్చుకోనక్కర్లేని వారికి మూడు వారాల లోపే అయిపోతుంది, నేర్చుకోవాల్సిన వారికి ఆరు నుంచి తొమ్మిది వారాలు పడుతుంది. భాషలో ముందు పట్టుబడాల్సింది ప్రార్థన. పరలోక తండ్రిని పిలవడం, కృతజ్ఞతలు చెప్పడం, కావలసింది అడగడం, యేసు క్రీస్తు నామంలో ముగించడం అనే నాలుగు భాగాలకు ఇరవై ముప్ఫై మాటలు వస్తే చాలు. ఆ తర్వాత తాను నమ్మినదాన్ని అయిదారు చిన్న వాక్యాల్లో చెప్పడం. వ్యాకరణం మొత్తం వచ్చాకే నోరు విప్పుదామని కూర్చున్నవాళ్ళు నెలలు గడిచినా మాట్లాడలేరు. తప్పులతోనే మొదలుపెట్టి, అంగట్లో కూరలు బేరమాడిన వాళ్ళకే భాష అబ్బుతుంది.

ఇక రోజు. చాలా ఏళ్ళపాటు ప్రపంచమంతా ఒకే పట్టిక నడిచింది. 6:30కి లేవడం, ప్రార్థన, అరగంట వ్యాయామం, 7కి స్నానం, పలహారం, 8 నుంచి గంటసేపు ఎవరి లేఖన పఠనం వారిది, 9 నుంచి గంట ఇద్దరూ కలిసి చదవడం, కొత్త భాష వాళ్ళకు మరో అరగంటో గంటో భాషాభ్యాసం, 10కి బయటికి. మధ్యలో భోజనాలు. రాత్రి 9కి ఇంటికి చేరాలి, పాఠం మధ్యలో ఉంటే 9:30. 10:30కి దీపం ఆర్పాలి. 2017లో ఈ పట్టికను సడలించి, ఆయా దేశపు అలవాట్లను బట్టి వేళలు జరుపుకునే వీలు మిషన్ అధ్యక్షులకు ఇచ్చారు. మధ్యాహ్నం ఊరంతా తలుపులు వేసుకునే చోట పదింటి నుంచి నాలుగింటి దాకా వీధుల్లో తిరిగి లాభం లేదు మరి. రాత్రి చేసుకునే ప్రణాళికను పొద్దుటికి మార్చింది కూడా అప్పుడే. వేళలు జరిగినా నిద్ర, చదువు, వ్యాయామం తగ్గించుకోకూడదు. తెల్లవారుజామున నాలుగింటికే లేచి అదనంగా చదివితే భక్తి పెరుగుతుందనుకునే పిల్లలు కొందరుంటారు. మూడో వారానికి వాళ్ళు పాఠం చెబుతూనే కునుకు తీస్తారు.

వారానికి ఒకరోజు సన్నాహక దినం. పిల్లలంతా పీ-డే అంటారు, ఎక్కువగా సోమవారం. పేరు చూసి సెలవనుకుంటారు గానీ బట్టలు ఉతకడం, ఇల్లు ఊడ్చి తుడవడం, సరుకులు, క్షవరం, ఇంటికి ఉత్తరం, మిషన్ అధ్యక్షుడికి వారపు ఉత్తరం, అన్నీ ఆ రోజే. సాయంత్రం ఆరుకి మళ్ళీ పనిలోకి వెళ్ళాలి. పొద్దున్నే బట్టలు నానబెట్టకపోతే చొక్కాలు ఆరవు, మంగళవారం తడి కాలర్‌తో తిరగాలి. బూట్లు రెండు జతలు తప్పనిసరి, ఒకటి ఆరుతుంటే ఒకటి వేసుకోవాలి. కొత్త బూట్లను వెళ్ళే ముందు నెల రోజులైనా ఇంటి దగ్గర తొడిగి నడిస్తే, వెళ్ళిన వారంలోనే కాళ్ళు బొబ్బలెక్కవు.

అన్నిటికంటే కష్టమైనది జంట జీవితం. అబ్బాయిలను ఎల్డర్ అని, అమ్మాయిలను సిస్టర్ అని ఇంటిపేరు చేర్చి పిలుస్తారు. ఎప్పుడూ ఇద్దరిద్దరుగానే ఉండాలి. స్నానాలగదిలో తప్ప ఒకరు ఇంకొకరి కంటికి, చెవికి అందే దూరంలోనే ఉండాలి. ఫోన్‌లో చూసేది కూడా పక్కవారికి కనబడేలా ఉండాలి. జోడీని వాళ్ళు ఎంచుకోరు, మిషన్ అధ్యక్షుడు కూరుస్తారు. ఆరు వారాలకొకసారి మార్పులుంటాయి, వాటిని ట్రాన్స్‌ఫర్లు అంటారు. జోడీ మారవచ్చు, ఊరు మారవచ్చు, రెండూ మారకపోవచ్చు. కొత్తగా వచ్చినవారికి మొదటి 12 వారాలు అనుభవమున్న శిక్షకుడు జోడీ. ఒకరికి కిటికీ తెరిస్తేగాని నిద్ర పట్టదు, ఇంకొకరికి మూస్తేగాని పట్టదు. ఒకరు గిన్నె ఎప్పటికప్పుడు కడుగుతారు, మరొకరు మూడు రోజులు సింకులో వదిలేస్తారు. గొడవలకు మూలం సిద్ధాంతం అయిన సందర్భాలు బహు తక్కువ. ఎక్కువగా గిన్నెలే, ఆలస్యమే, ఎగతాళే.

దీనికి సంఘం పెట్టిన మందు ఒకటుంది. వారానికోసారి రెండు మూడు గంటల ప్రణాళికా సమావేశం చివర ఇద్దరూ ఎదురెదురుగా కూర్చొని, ఎదుటివారిలో మెచ్చదగినవి చెప్పాలి, తమ వల్ల జరిగిన ఇబ్బందికి క్షమాపణ అడగాలి, పరిష్కరించుకోవాల్సినది ఉంటే నోరు తెరిచి చెప్పాలి, ప్రార్థనతో ముగించాలి. దీన్ని మొక్కుబడిగా అయిదు నిమిషాల్లో దాటేసిన జంటలు మూడో వారానికి మాటలు మానేస్తాయి. చేసేవాళ్ళు కూడా ఎక్కువగా ఫిర్యాదుతో మొదలుపెట్టి చెడగొడతారు. ముందు తన తప్పు చెప్పాలి. ఆరోపణ చేసేటప్పుడు ‘నువ్వెప్పుడూ ఇంతే’ అనకుండా ఏ రోజు, ఏం జరిగిందో ఒక్కదాన్నే ఎత్తాలి. ఈ సేవ మొత్తంలో వాళ్ళ విశ్వాసానికి ఇంతకు మించిన బడి ఇంకోటి లేదని మా నమ్మకం. క్షమాపణ గురించి వందమందికి బోధించవచ్చు. రాత్రికి తిరిగి వెళ్ళేది ఆ ఒక్క మనిషి ఉన్న గదికే.

బోధన విషయానికొస్తే, ‘నా సువార్తను ప్రకటించుడి’ అనే మార్గదర్శిని 2004లో వచ్చింది, 2023లో దాన్ని సవరించారు. అంతకుముందులా అక్షరం పొల్లుపోకుండా అప్పగించే పాఠాలు పోయి, సారం నేర్చుకొని వినేవారి అవసరాన్ని బట్టి చెప్పే పద్ధతి దానితోనే స్థిరపడింది. మొదటి పాఠం పునఃస్థాపన గురించి: దేవుడు తండ్రి అని, ఆయన ప్రవక్తల ద్వారా మాట్లాడతాడని, క్రీస్తు అపొస్తలుల తర్వాత పోయిన అధికారం ఈ సంఘ స్థాపకుడు జోసెఫ్ స్మిత్ ద్వారా మళ్ళీ వచ్చిందని, బైబిలుతో పాటు సంఘం లేఖనంగా చదివే, 1830లో అచ్చయిన మోర్మన్ గ్రంథం దానికి సాక్ష్యమని. రెండోది రక్షణ ప్రణాళిక: పుట్టకముందు ఎక్కడున్నాం, ఇక్కడెందుకున్నాం, చనిపోయాక ఏమవుతుంది. మూడోది విశ్వాసం, పశ్చాత్తాపం, బాప్తిస్మం, పరిశుద్ధాత్మ వరం, అంతం వరకు సహించడం. ఆ పైన ఆజ్ఞల వంటివి: కాఫీ, టీ, మద్యం, పొగాకు మానమనే 1833 నాటి జ్ఞాన వాక్యం, ఆదాయంలో పదోవంతు, నెల మొదటి ఆదివారం రెండు పూటల ఉపవాసం, వివాహానికి బయట శారీరక సంబంధం కూడదన్న నియమం.

ఒక్కో పాఠాన్ని మూడు రకాలుగా సిద్ధం చేసుకోవాలి: గుమ్మంలో నిలబడి చెప్పడానికి మూడు నుంచి అయిదు నిమిషాలది, పది పదిహేను నిమిషాలది, కూర్చొని చెప్పడానికి ముప్పావుగంట దాటనిది. కొత్తవాళ్ళు మూడోదొక్కటే తయారు చేసుకుంటారు, వినేవారికి మూడోదానికి తీరిక ఉండదు. రెండో లోపం, ప్రశ్న అడిగి జవాబు వచ్చేలోపే తామే చెప్పేయడం. అడిగాక పది సెకన్లు మౌనంగా ఉండటం నేర్చుకోవాలి, పరాయి భాషలో అది యుగంలా తోస్తుంది. మూడోది వాదన. లేఖనాలతో ఎదుటివారిని ఓడించి బయటికొచ్చిన జంటను ఆ ఇల్లు మళ్ళీ పిలవదు. నాలుగోది, చదవమని ఇచ్చిన అధ్యాయం గురించి మర్నాడు అడగకపోవడం. మోర్మన్ గ్రంథంలో మొరోనై పదో అధ్యాయం చెప్పేది చదవమని, ఆలోచించమని, దేవుణ్ణే అడిగి తెలుసుకోమని. అడగాల్సింది వినేవారు, జవాబివ్వాల్సింది దేవుడు. మధ్యలో దూరి తొందరపెట్టే సువార్తికుడు తాను బోధించే మాటను తానే నమ్మడం లేదన్నమాట. వద్దనే స్వేచ్ఛ ఎదుటివారికి దేవుడిచ్చిందేనని వాళ్ళకు నేర్పుతారు. ఆ పాఠం నిజంగా ఒంటబట్టినవాళ్ళు తలుపు మొహం మీద వేసినా కుంగిపోరు.

ఎవరినైనా రెండు మూడు పాఠాలతో నీళ్ళలో ముంచేస్తారన్నది ఇంకో అపోహ. ముందు సంస్కార కూడికలనే ఆదివారపు ఆరాధనలకు వచ్చి ఉండాలి. ముఖాముఖి పరీక్ష చేసేది పాఠాలు చెప్పినవారు కాదు, సువార్తికుల గుంపులకు నాయకులుగా ఉండే జిల్లా నాయకుడో మండల నాయకుడో. తీవ్రమైన నేరం వంటిదేదైనా ఉంటే మిషన్ అధ్యక్షుడే మాట్లాడాలి. మైనరైతే తల్లిదండ్రుల అనుమతి, పెళ్ళయినవారైతే భర్త లేక భార్య అంగీకారం ఉండాలి. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు బాప్తిస్మం లేదు. బాప్తిస్మమిచ్చేటప్పుడు మనిషంతా నీటిలో మునగాలి, వెంట్రుకలో, చొక్కా అంచో పైన తేలినా మళ్ళీ చేయాలి. ఇద్దరు సాక్షులు చూసేది అందుకే. మోకాళ్ళు వంచకుండా కర్రలా వెనక్కి వాలితే పాదాలు పైకి లేస్తాయి, ముందురోజు నేల మీదే ఒకసారి చేసి చూపాలి. తెల్లబట్ట తడిస్తే ఒళ్ళు కనబడని మందం ఉండాలి. తొట్టి నిండడానికి గంటలు పడుతుంది, కూడిక వేళకి కుళాయి తిప్పితే అందరూ కూర్చొని ఎదురుచూడాల్సిందే.

దీనికంటే పెద్ద నష్టం తర్వాత జరుగుతుంది. కొత్త సభ్యుడి స్నేహమంతా ఆ ఇద్దరు పిల్లలతోనే ఉంటుంది. ఆరు వారాలకు వాళ్ళు మారిపోతారు, మరుసటి ఆదివారం అతను ఒంటరిగా వెనక బెంచీలో కూర్చుంటాడు, ఆ పై ఆదివారం రాడు. ప్రతి కొత్త సభ్యుడికీ ఒక స్నేహితుడు, ఒక బాధ్యత, దేవుని వాక్యపు పోషణ కావాలని అప్పటి సంఘ అధ్యక్షుడు గోర్డన్ బి. హింక్లీ 1997లో చెప్పింది ఇది చూసే. కాబట్టి పాఠాల్లో మొదటి నుంచీ స్థానిక సభ్యుల్లో ఒకరు పక్కన కూర్చోవాలి. బాప్తిస్మాల అంకెల్లో పక్క జంటతో పోటీ పడేవాళ్ళు దీన్నే మొదట వదిలేస్తారు.

భద్రతకు సంబంధించిన నియమాలను తల్లిదండ్రులు తెలుసుకొని ఉండాలి. కేటాయించిన ప్రాంతం దాటకూడదు. ఈత కూడదు, చెరువైనా సముద్రమైనా సరే. సైకిలెక్కితే హెల్మెట్ ఉండాలి. కారు వెనక్కి తీసేటప్పుడు రెండోవారు దిగి వెనక నిలబడి దారి చూపాలి. పరస్త్రీతోగాని పరపురుషుడితోగాని ఒంటరిగా ఉండకూడదు, పిల్లలతో ఒంటరిగా అసలే కూడదు. స్థానిక చట్టాన్ని మీరకూడదు. 2016లో రష్యాలో మత ప్రచారంపై ఆంక్షలు వచ్చినప్పుడు అక్కడి సువార్తికులు స్వచ్ఛంద సేవకులుగా మారి ఆ హద్దుల్లోనే పనిచేశారు.

అనారోగ్యాన్ని దాచడం అన్నిచోట్లా కనిపించే పొరపాటు. పని ఆగిపోతుందనో, జోడీ ఇంట్లో చిక్కుకుంటాడనో జ్వరాన్ని, విరేచనాలను, అంతకంటే ముఖ్యంగా దిగులును మింగేస్తారు. నీళ్ళు మరిగించో వడపోసో తాగాలి. రెండో రోజుకు తగ్గకపోతే మిషన్ అధ్యక్షుడి భార్యకో, ఆరోగ్యం చూసే వారికో ఫోన్ చేయాలి. నిద్ర పట్టకపోవడం, తిండి మానడం, చిన్న తప్పుకే దేవుడు వదిలేశాడని రోజుల తరబడి కుమిలిపోవడం కనిపిస్తే అది భక్తి కాదు, వైద్యం కావాల్సిన సంగతి. అలాంటి కారణంతో గడువుకు ముందే తిరిగొచ్చిన పిల్లలను చూసి ఇరుగుపొరుగు, ఒక్కోసారి సొంత సంఘం వాళ్ళే, మొహం తిప్పుకోవడం మమ్మల్ని ఎంతో బాధిస్తుంది. ఇంటి దగ్గరే ఉండి చేసే సేవా మిషన్ అనే దారి ఉంది. వచ్చిన రోజునే ‘ఎందుకొచ్చావు’ అని అడగకుండా అన్నం పెట్టండి.

2019 ఫిబ్రవరికి ముందు ఇంటికి ఫోన్ ఏడాదికి రెండుసార్లే, క్రిస్మస్‌కి, మాతృ దినోత్సవానికి. ఇప్పుడు వారానికోసారి సన్నాహక దినాన మాట్లాడవచ్చు, వీడియోలో చూసుకోవచ్చు. ఇది గొప్ప ఊరట, దీంతో చిక్కులూ ఉన్నాయి. గంటల తరబడి మాట్లాడితే ఆ రోజు పనులు మిగిలిపోతాయి. అప్పులు, తగాదాలు ఏకరువు పెడితే వారమంతా మనసు ఇక్కడే ఉంటుంది. జోడీ మీద ఫిర్యాదు చేస్తే తల్లి వెంటనే కార్యాలయానికి ఫోన్ చేయకూడదు. ‘నువ్వు అతనితో ఆ మాట చెప్పావా’ అని అడిగి వదిలేయాలి. పైన చెప్పిన దిగులు లక్షణాలు వినిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా మిషన్ అధ్యక్షుడికి చెప్పాలి.

పంపే ముందు ఆరునెలలు ఇంట్లో ఇవి చేయించండి. అలారంతో తానే లేవాలి, ఎవరూ లేపకూడదు. నాలుగు రకాల వంట రావాలి: అన్నం, పప్పు, గుడ్డు, ఏదో ఒక కూర. తన బట్టలు తానే ఉతికి ఇస్త్రీ చేసుకోవాలి, గుండీ కుట్టుకోవాలి. సైకిల్ పంక్చర్ వేసుకోవాలి. రోజూ అరగంట లేఖనం చదివి, చదివినదాంట్లో ఒక్క సంగతి ఇంట్లోవాళ్ళకు రెండు నిమిషాల్లో చెప్పాలి. తమ్ముడితో గొడవపడితే ఆ రాత్రే తానుగా వెళ్ళి సారీ చెప్పాలి. ఫోన్ లేకుండా ఒక పూట గడపాలి. ఇవి వచ్చిన పిల్లవాడికి వాక్యాలు అక్కడ నేర్పుకుంటారు.

చివరగా, ఏ దేశంలో ఉన్న పాఠకుల గుమ్మంలోనైనా నల్ల పేరుబిళ్ళ పెట్టుకున్న ఇద్దరు పిల్లలు నిలబడితే మంచినీళ్ళివ్వండి, కాఫీ, టీ వాళ్ళు తాగరు. వినాలని ఉంటే ఎంత సమయం ఇవ్వగలరో ముందే చెప్పండి. వద్దనుకుంటే మొహమాటంతో ‘ఇంకోరోజు రండి’ అనకండి. వాళ్ళు నిజంగానే రాసుకొని, ఆ రోజు బస్సు ఖర్చు పెట్టుకొని వస్తారు. ‘మాకు ఆసక్తి లేదు, మళ్ళీ రావద్దు’ అని సౌమ్యంగా చెప్పేస్తే తమ ఫోన్‌లోని ప్రాంతపు నమోదులో చేరుస్తారు, వాళ్ళ తర్వాత వచ్చే జంటకూ ఆ సంగతి తెలుస్తుంది.

ఇట్లు,
సువార్త సేవకు వెళ్ళే యువతను సిద్ధపరిచే కొందరు సభ్యులు